బీజకణాలను గడ్డకట్టించి భద్రపరచడం: చరిత్ర, షరీఅత్ దృష్టి

సంతానం లేని దంపతులకు చేసే చికిత్సలో వీర్యకణాలను, అండాలను, ఫలదీకరించిన అండాలను గడ్డకట్టించి ఏళ్ల తరబడి దాచి ఉంచడం నేడు సర్వసాధారణం. ఇది ధర్మసమ్మతమేనా అని అడిగేవారు మనలో చాలామందే ఉన్నారు. ఫత్వా అడిగేవాడు ముందు విషయాన్ని ఉన్నదున్నట్లు విన్నవించుకోవాలి గనుక, మొదట దీని చరిత్ర తెలుసుకుందాం.

జీవకణంలో అధికభాగం నీరే. గడ్డకట్టేటప్పుడు లోపల ఏర్పడే మంచుపలుకులు కణాన్ని చీల్చివేస్తాయి. మంచు వెలుపల ఏర్పడితే లోపలి నీరు బయటికి పోయి, మిగిలిన లవణాల గాఢతకు కణం చనిపోతుంది. ఈ చిక్కుముడి 1949లో విడిపోయింది, అదీ ఒక పొరపాటు మూలంగా. లండన్‌లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థలో క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ కోడిపుంజు వీర్యంతో ప్రయోగాలు చేస్తున్నారు. చక్కెర ద్రావణమనుకొని వారు వాడిన సీసాలో నిజానికి గ్లిసరిన్, గుడ్డు తెల్లసొన కలిసి ఉన్నవి. కరిగించిన తరువాత కణాలు మళ్లీ కదలసాగాయి! గ్లిసరిన్ మంచు ఏర్పడడాన్ని తగ్గిస్తుందని ఆ విధంగా బయటపడింది. 1953లో అమెరికాలోని అయోవాలో బంజ్, షెర్మన్ గడ్డకట్టించిన మానవ వీర్యంతో గర్భధారణ సాధించారు. 1972లో ఎలుకల పిండాలను ద్రవ నత్రజనిలో, అంటే సున్నాకు దిగువన 196 డిగ్రీల వద్ద ఉంచి, తిరిగి బ్రతికించారు. ఆ చలిలో కణంలోని రసాయనిక చర్యలన్నీ దాదాపు నిలిచిపోతాయి. ఒక ఏడాది ఉంచినా, పదేళ్లు ఉంచినా ఒకటే.

మన దేశం సంగతి చెప్పకుండా ముందుకు పోలేము. 1978 అక్టోబరు 3న కలకత్తాలో ఒక ఆడశిశువు జన్మించింది. ఫలదీకరించిన అండాన్ని గడ్డకట్టించి దాచి, తరువాత తల్లి గర్భంలో ప్రవేశపెట్టానని డాక్టర్ సుభాష్ ముఖర్జీ ప్రకటించారు. ప్రభుత్వం నియమించిన సంఘం ఆయన మాటను త్రోసిపుచ్చింది. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 1997లో శాస్త్రవేత్త టి.సి. ఆనందకుమార్ ఆయన వ్రాతలను పరిశీలించి, ఆ ఘనత ఆయనదేనని చాటారు.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 1984లో ఈ పద్ధతిలో శిశువు పుట్టింది. అంతకుముందే అక్కడొక క్లిష్ట సమస్య తలెత్తింది. 1981లో ఒక జంట ఫలదీకరించిన రెండు అండాలను అక్కడి ఆసుపత్రిలో దాచుకొని వెళ్లి, 1983లో విమాన ప్రమాదంలో మరణించారు. ఆ అండాలేమి కావాలి? వాటికి వారసత్వం ఉందా? పత్రికలలో పెద్ద వివాదమే రేగింది. తండ్రి మరణించేనాటికి గర్భంలో ఉన్న శిశువుకు వాటా ఆపి ఉంచాలని మన ఫరాయిజ్ గ్రంథాలు చెబుతాయి. కాని అక్కడి మాట 'హమ్ల్', అనగా స్త్రీ మోస్తున్న గర్భం. సీసాలో ఉన్నదానిని ఎవరూ మోయడం లేదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం నాకు సబబుగా తోచదు.

ధర్మవేత్తల విషయానికి వద్దాం. భార్యాభర్తల బీజాలతో మాత్రమే జరిగే కృత్రిమ ఫలదీకరణను 1980లో అల్-అజ్‌హర్ ఫత్వా అనుమతించింది, మూడవ వ్యక్తి ప్రమేయాన్ని నిషేధించింది. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్‌హ్ అకాడమీ కూడా అదే నిర్ణయించింది. దాచిపెట్టడంతో నిజమైన చిక్కు వచ్చేది కాలంతోనే. బీజం మారదు గాని నికాహ్ ముగిసిపోవచ్చు, తలాఖ్‌తోనో, మరణంతోనో. ఆ తరువాత అదే బీజంతో గర్భం ధరించడాన్ని అధిక సంఖ్యాక ధర్మవేత్తలు అనుమతించరు. నసబ్ నికాహ్ మీద ఆధారపడి ఉండడమే కారణం.

1990లో జిద్దాలో అదే అకాడమీ, ఫలదీకరించని అండాలను భద్రపరచవచ్చు గనుక ప్రతిసారీ అవసరమైనన్నింటినే ఫలదీకరించాలనీ, ఒకవేళ మిగిలితే సహజంగా నశించేవరకు వదలివేయాలనీ, మరొక స్త్రీకి వాడడం హరామ్ అనీ తీర్మానించింది. తీర్మానంలోని అరబీ పదం 'బుయైదాత్ ములక్కహా', అంటే ఫలదీకరించిన చిన్న అండాలు. 'జనీన్' అనలేదు. దీనిని 'పిండం' అని అనువదిస్తే గర్భస్థ శిశువు అనే అర్థం తోస్తుంది, హత్య అనే మాట వెంటనే నోటికి వస్తుంది. అందుకే ఆ పదాన్ని మానవుల విషయంలో నేను వాడలేదు.

ఆ తీర్మానంలో ఒక విశేషముంది. 1990 నాటికి అండాలను గడ్డకట్టించడం అరుదుగా ఫలించే పని. తొలి జననం 1986లో ఆస్ట్రేలియాలో జరిగింది గాని, కణాలన్నింటిలో పెద్దది, నీరు ఎక్కువగా గలది అండమే. అది త్వరగా దెబ్బతింటుంది. 1985లో రాల్, ఫాహీ ఎలుకల పిండాలపై చూపిన పద్ధతిలో నీరు మంచు కట్టకుండా గాజువలె బిగుసుకుపోతుంది. అది మానవ అండానికి అలవడిన తరువాతే అకాడమీ సూచించిన మార్గం సులభమయింది. 2019లో ఈజిప్టు దారుల్ ఇఫ్తా అండాలను దాచడాన్ని షరతులతో అనుమతించింది: ఫలదీకరణ నికాహ్ కొనసాగుతుండగానే జరగాలి, ఇతరుల బీజాలతో కలిసిపోకుండా కట్టుదిట్టం ఉండాలి.

మన దేశపు 2021 చట్టం ఫలదీకరించిన అండాలను పదేళ్లకు మించి దాచనివ్వదు. ఆపైన నశింపజేయాలి, లేదా దంపతుల అనుమతితో పరిశోధనకు ఇవ్వాలి. దాచేముందే, మరణం సంభవిస్తే ఏమి చేయాలో దంపతులు వ్రాతపూర్వకంగా తెలపాలని కూడా ఆ చట్టం కోరుతుంది. తొందరలో చదవకుండా సంతకం చేసేది ఆ కాగితం మీదనే. భర్త మరణానంతరం భార్య ఉపయోగించుకోవచ్చునని అందులో వ్రాసే ముందు దంపతులు ఒక ఆలిమ్‌ను సంప్రదించడం అవసరం.