భాషారాష్ట్రములు – నెహ్రూ – ముంబయి తెలుగువారు

1947 ఆగస్టు 15 మొదలు 1964 మే 27న మరణించు వఱకు జవహర్‌లాల్ నెహ్రూ భారత ప్రధానమంత్రిగా నుండెను. భాషారాష్ట్రముల విషయమున ఆయనపై పరస్పర విరుద్ధములైన అభియోగములు రెండు కలవు. తాత్సారము చేసి ఒక నిండు ప్రాణమును బలిగొనెనని కొందఱు, తుదకు ఒత్తిడికి లొంగి దేశమును భాషలవారీగా ముక్కలు చేసెనని మఱికొందఱు అందురు. ఈ రెండింటిని తూచుటకు ముంబయిలోని కామాటిపురము తగిన చోటు.

నిజాం రాజ్యమునుండి వలసవచ్చి నగరనిర్మాణమున కూలిపని చేసిన తెలుగు కామాటీల వలన ఆ పేటకు ఆ పేరు కలిగినది. పిదప తెలంగాణపు పద్మశాలీలు బట్టల మిల్లులలో పనికి వచ్చి చాళ్లలో కాపురముండిరి. పొట్టి శ్రీరాములు సయితము ఈ నగరముననే విక్టోరియా జూబిలీ సాంకేతిక విద్యాలయమున పారిశుద్ధ్య ఇంజనీరింగు చదివి రైల్వేలో ఉద్యోగము చేసెను.

1948లో ధార్ కమిషను భాషారాష్ట్రములను నిరాకరించెను. నెహ్రూ, పటేలు, పట్టాభి సీతారామయ్యలతో కూడిన కాంగ్రెసు సంఘము 1949లో, మద్రాసు నగరముపై హక్కు విడిచినచో ఆంధ్రరాష్ట్రము సాధ్యమే యనెను. మూడేండ్లు గడచినవి. 1952 అక్టోబరు 19న నిరశనము పూనిన శ్రీరాములు డిసెంబరు 15న అసువులు బాసెను. నాలుగు దినములకే నెహ్రూ ఆంధ్రరాష్ట్రమును ప్రకటించెను. మద్రాసు వివాదము ఆటంకమే యైనను, నాలుగు దినములలో తేలినది మూడేండ్లలో ఏల తేలలేదు? ఈ ఆలస్యదోషము ఆయనను వీడదు.

ముంబయి విషయముననూ అదియే జరిగినది. నగరమును కేంద్రపాలితము చేయవలెనని 1956లో చేసిన నిర్ణయము ఆందోళనను రేపెను. సంయుక్త మహారాష్ట్రోద్యమమున నూర్గురకు పైగా మరణించిరి. తుదకు 1960 మే 1న ముంబయి మహారాష్ట్రమునకు రాజధాని యయ్యెను. మరాఠీల కోరిక న్యాయమైనదే. కాని పలుభాషలవారు కలసి బ్రతుకు నగరముల గతి యేమను నెహ్రూ శంక నిరాధారము కాదు. ఎల్లలు ఎట్లు గీచినను తెలుగు చాళ్లు వెలుపలనే మిగిలినవి.

ఈ శంకకు ఆయన ప్రభుత్వము చూపిన పరిష్కారము 1956 నాటి ఏడవ రాజ్యాంగ సవరణము. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప ప్రతి రాష్ట్రము, ప్రతి స్థానిక సంస్థ యత్నింపవలెనని 350-ఎ అధికరణము చెప్పుచున్నది. 350-బి వారి రక్షణల పరిశీలనకు ప్రత్యేకాధికారిని ఏర్పఱచినది. ముంబయి నగరపాలక సంస్థ నడపుచు వచ్చిన తెలుగు పాఠశాలలు ఈ ఆశయమునకు అనుగుణములు. అయితే ‘యత్నింపవలెను’ అను మాటలోనే దాని బలహీనతయు కలదు. బడి తలుపు తెఱచినంతమాత్రమున తరగతి నిండదు.

భాషారాష్ట్రములవలన దేశము చీలలేదు. 2014లో తెలుగువారికి రెండు రాష్ట్రము లేర్పడినను చీలలేదు. కావున రెండవ అభియోగము నిలువదు, మొదటిది నిలుచును. కాని అల్పసంఖ్యాకుల భాషకు రాజ్యాంగమున చోటు కల్పించిన పుణ్యమును ఆయన ఖాతాలోనే వ్రాయవలెను. ఆ చోటును నిలుపుకొను భారము తమ బిడ్డలను తెలుగు బడికి పంపు తలిదండ్రులది.