చీపురు అబ్బాయిల చేతికీ!

జపాన్ బడిలో ఎక్స్ఛేంజి విద్యార్థినిగా చేరిన అమ్మాయిని ముందుగా ఆశ్చర్యపరిచేది తడిగుడ్డే! రోజూ కాసేపు అబ్బాయిలూ, అమ్మాయిలూ కలిసి గదులు ఊడ్చి తుడుస్తారు. దీన్ని 'సోజీ' అంటారు. చిన్న తరగతుల్లో మధ్యాహ్న భోజనం వడ్డించేదీ పిల్లలే, వంతులవారీగా. ఒకప్పుడు హైస్కూల్లో అమ్మాయిలకే తప్పనిసరైన వంట, కుట్టుపనుల పాఠాలు 1994 నుంచి అబ్బాయిలకూ తప్పనిసరి అయ్యాయి.

మరి ఇంట్లోనో? పొద్దున్నే లేచి అందరికీ 'బెంతో' డబ్బాలు సర్దేది ఎక్కువగా అమ్మే. రాత్రి స్నానాలకు తొట్టె ఒక్కసారే నింపుతారు. బయట ఒళ్లు రుద్దుకుని, శుభ్రంగా కడుక్కున్నాకే అందులో దిగాలి. ఆ నీళ్లే అందరికీ! పనులన్నీ తెమిలేసరికి చాలా ఇళ్లలో అమ్మది ఆఖరి వంతు.

బడిలో నేల తుడిచిన చేతులు ఇంట్లోనూ సాయం చేస్తే, ఆ తల్లి వంతు కాస్త ముందే వస్తుంది కదూ!