నాకు చదువు రాదనుమాట

నెల్లూరు తీరమందలి పల్లెకారులతో కొంతప్రొద్దు ముచ్చటించినవారికి ఒక వింత తోచకమానదు. మబ్బురంగు చూచి గాలి యెటు తిరుగునో చెప్పగలవాడు, గట్టు కానరానిచోట వలవేసిన తావును మరల కనుగొనగలవాడు, పలక చేతికిచ్చినంతనే "మాకెక్కడి చదువు బాబూ, మాది మట్టిబుర్ర" అని వెనుకకు జరుగును. మాగాణి భూములందును ఇదే తీరు. కూలిగింజల కొలతలో గుప్పెడైనను మోసపోని నాట్లకూలి తన పేరు వ్రాయుమన్నచో సిగ్గుపడి కొంగు నోటికడ్డము పెట్టుకొనును. వీరిని అజ్ఞానులనుట మనకు అలవాటైనది. వీరికి కొరవడినది బుద్ధి కాదు. తమకు బుద్ధి కలదను నమ్మకము. ఆ "మట్టిబుర్ర" యను మాటయైనను వారు పుట్టించినది కాదు. తరతరములుగా మన అరుగులమీదనుండి వినబడి వినబడి వారి నోట నిలిచినది.

1991 జనాభా లెక్కల ప్రకారము ఆంధ్రప్రదేశమున చదువ వ్రాయ నేర్చిన స్త్రీలు నూటికి 33 మందికి మించలేదు. ఆ ప్రాంతముననే నెల్లూరు జిల్లాలో అక్షరదీపమను పేర వయోజనవిద్యా ప్రచారము సాగెను. పగలెల్ల పొలమున వంగి పనిచేసినవారు రాత్రివేళ పలక పట్టిరి. వారి పాఠములు బాలశిక్షలోనివి కావు. కూలి, సంసారము, సారాయి మొదలగు తమ బ్రదుకు సంగతులే. సీతమ్మకథ యను పాఠమున ఒక స్త్రీ ఊరివారిని కూడగట్టి సారాయి అంగడిని మూయించును. చదువరులు ఆ కథను వినియూరకుండక తమ ఊరిసంగతి చర్చింపసాగిరి. సీతమ్మవలె తామును చేయవచ్చునన్న ఊహ పుట్టుటయే ఆ చదువుయొక్క సారమని మా అభిప్రాయము. అక్షరములు యాబదియారును వచ్చినవా లేదా యనునది తరువాతి మాట.

1992లో కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలు తమ ఊరి సారాయి అంగడిని మూయించిరి. వర్ధినేని రోశమ్మగారి పేరు దేశమంతట మారుమ్రోగినది. దూబగుంట వృత్తాంతమే "ఆడవాళ్లు ఏకమైతే" అను శీర్షికతో మరియొక పాఠమై ఇతర గ్రామములకు చేరెను. నిన్న పాఠము చదివినవారు నేడు పాఠమైరి! పాటదారులకును అధికారులకును ఎదురునిలిచిన ఆ స్త్రీలవలన నెల్లూరు సారాయివేలము పలుమారులు వాయిదాపడెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారాయి నిషిద్ధమయ్యెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినది. అది పాలకుల ఖజానాకథ. వేలిముద్రవారు ప్రభుత్వాదాయమునే కదలించిరన్నది మాత్రము చెరుగునది కాదు.

ఈ విషయమును పరీక్షించి చూచినవారును కలరు. అమెరికాలో క్లాడియా ముల్లర్, క్యారల్ డ్వెక్ అను విదుషీమణులు 1998లో ప్రకటించిన పరిశోధనలో, "నీవు తెలివిగలవాడవు" అని మెచ్చుకొనబడిన బాలురు కఠినమైన లెక్కకు జంకి, ఒకసారి తప్పగనే డీలాపడిరి. "బాగుగా శ్రమించితివి" అని మెచ్చుకొనబడినవారు కఠినమైనదానినే కోరిరి. కావున తన ప్రథమశ్రేణి కుమారుని తెలివిని వచ్చిన చుట్టములందరియెదుట పొగడు తండ్రియు కొంత ఆలోచింపవలసియున్నది. అయితే నమ్మకమొక్కటియే సర్వమును సాధించునని మేమనము. దీపము, పలక, నేర్పువాడు, కొంత తీరిక లేనిచో నమ్మకమేమి చేయును? దూబగుంటలో నమ్మకమునకు ముందు రాత్రిబడి యున్నది.

ఆ రాత్రిబడులు మూతపడినపిమ్మట నేర్చిన అక్షరములను మరచిన వారనేకులు. చదువుటకు ఊరిలో పత్రిక గాని పుస్తకము గాని లేనిచో ఎవరికైనను అంతియే గదా! అప్పుడు "చూచితిరా, వీరికి చదువు అంటదు" అని నవ్విన పెద్దమనుష్యులును కలరు. తాళము వేసినదొకరు, నింద మోసినదొకరు! కాని ఆ స్త్రీలు వెనుకటి స్థితికి పోలేదు. సారాయి పోరాటము వెంబడినే నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి సంఘములు వెలసినవి. దినమునకొక రూపాయి చొప్పున కూడబెట్టి, తమ సొమ్మును తామే అప్పులిచ్చుకొని, లెక్క తామే చూచుకొనసాగిరి. నాడు పేరు వ్రాయుటకు సిగ్గుపడినవారే సంఘపు పుస్తకమున సంతకము చేయుటకు కూర్చుండిరి. అంకె తప్పినచో కొట్టివేసి, మరల వ్రాసిరి.