పాత స్టేషను వేగను: మార్చవలెనా, ఉన్నట్లే నిలుపవలెనా?

పెద్దలు విడిచిపోయిన వస్తువు చేతికి వచ్చినప్పుడు ప్రతి కుటుంబమునకును ఒక చిక్కు కలుగును. దానిని ఉన్నది ఉన్నట్లు కాపాడుటయా, నేటి అవసరములకు తగినట్లు దిద్దుకొనుటయా? ఇల్లైనను, భోషాణమైనను ఈ ప్రశ్న తప్పదు. మోటారు బండి విషయమున అది మరింత బరువైనది. ఏలయనగా బండి మనుష్యులను మోయునది. మా విద్యార్థుల తండ్రులలో మోటారు మరమ్మతు షెడ్లు నడుపువారు కలరు. తాతగారి నాటి బండిని ఇంట నిలుపుకొన్నవారును కలరు. పెద్దలు "ఉంచుదము" అనుటయు, పిల్లలు "మార్చుదము" అనుటయు ఆ యిండ్లలో సహజము. ఈ రెండు మాటలలోను న్యాయము కలదు గనుక, విషయమును నిదానముగా విచారింపదలచితిమి.

స్టేషను వేగను అనగా రైలు స్టేషను నుండి ప్రయాణికులను, వారి పెట్టె బేడలను చేరవేయుటకై అమెరికాలో పుట్టిన బండి. పైకప్పు వెనుక చివర వరకు సాగియుండును. వెనుక తలుపు తెరచినచో సామాను నేరుగా లోనికి ఎక్కించవచ్చును. ఇంగ్లండులో దీనిని ఎస్టేటు కారందురు. తొలినాళ్లలో వీని వెనుక భాగమును కొయ్యతోనే కట్టెడివారు. మన దేశమున ఉత్తరపారలో 2014 వరకు తయారైన అంబాసిడరు కారులోను కొంతకాలము ఎస్టేటు రకము వచ్చెను. ఆ అంబాసిడరు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాపై కట్టినది. ఆ మోరిస్ కుటుంబమునకే చెందిన మరియొక బండిని మనము ఉదాహరణముగా తీసికొందము. అది మోరిస్ మైనర్ ట్రావెలర్.

మోరిస్ మైనర్ కారు 1948లో వెలువడెను. దానిని రూపొందించినవాడు అలెక్ ఇస్సిగోనిస్. తరువాత 1959లో వచ్చిన మినీ కారును రూపొందించినవాడును ఆయనయే. పది లక్షల సంఖ్యను అందుకొన్న మొదటి బ్రిటిషు కారు మైనరే. దాని స్టేషను వేగను రూపమైన ట్రావెలరును 1953లో ప్రవేశపెట్టి, 1971 వరకు తయారుచేసిరి. ముందు సగము ఉక్కు రేకు. వెనుక సగము యాష్ అను చెట్టు కలపతో చేసిన చట్రము. ఆ కొయ్యకు వార్నిషు పూసి వెలుపలికి కనబడునట్లే విడిచిరి.

చూచువారు ఈ కొయ్యను అలంకారమని తలంతురు. అది పొరపాటు. బండి వెనుక భాగపు బరువును మోయునది ఆ చట్రమే. ప్రక్క కిటికీల అద్దములు జరుగు గాడులలో వాననీరు నిలిచి, కొయ్య పుచ్చుచుండును. పుచ్చిన కొయ్యపై రంగు పూసి కప్పినచో ప్రమాదమును కప్పినట్లే యగును. దానిని తీసి, అదే జాతి కలపతో అదే కొలతకు క్రొత్తది చేయించుట సరియైన పని. ఇది మార్పు కాదు, మరమ్మతు. మరమ్మతునకును మార్పునకును గల ఈ భేదమును గ్రహించినచో సగము తగవు తీరును.

ఇక "అసలు రూపము" అనునది ఏది? తయారుచేసినవారే ఈ బండిని పలుమారులు దిద్దిరి. 1953 నాటి ట్రావెలరు ఇంజను 803 సి.సి.; 1956లో అది 948 సి.సి. అయ్యెను, 1962లో 1098 సి.సి. అయ్యెను. తొలుత మలుపు తెలుపుటకు ద్వారస్తంభము నుండి చిన్న చేయి వంటి పలక బయటకు వచ్చెడిది. 1961లో దానికి మారుగా మినుకుమినుకుమను దీపములు వచ్చెను. కావున అసలు రూపమనగా ఆ యొక్క బండి ఆ యేట కర్మాగారము నుండి బయటకు వచ్చిన రూపమని యర్థము. దానిని పత్రములు చూచి ముందుగా నిర్ణయించుకొనవలెను.

మార్పులను మూడు తరగతులుగా విభజింపవచ్చును.

మొదటివి రక్షణకును, నేటి ఇంధనమునకును అవసరమైనవి. సీసము కలిసిన పెట్రోలు మన దేశమున 2000 సంవత్సరముతో నిలిచిపోయెను. ఆ సీసము పాత ఇంజనులలోని వాల్వు పీఠములను అరుగకుండ కాపాడుచుండెడిది. ఇప్పుడు గట్టి ఉక్కు పీఠములను అమర్చుట మేలు; అవి కంటికి కానరావు. ఇథనాలు కలిసిన పెట్రోలునకు పాత రబ్బరు గొట్టములు తాళజాలవు; వానిని మార్చవలెను. సీటు బెల్టులు లేని బండికి, గట్టి చోటు చూచి, వానిని బిగింపవలెను. ఇందుకై రెండు రంధ్రములు పడిన పడనిండు. వెనుక కూర్చుండునది మన బిడ్డలు.

రెండవవి తిరిగి తీసివేయదగినవి. డైనమోకు మారుగా ఆల్టర్నేటరు, ముందు చక్రముల డ్రము బ్రేకులకు మారుగా బోల్టులతో బిగించు డిస్కు బ్రేకులు, కాంతి హెచ్చైన దీపములు ఈ తరగతివి. ఇవి నచ్చనినాడు పాతవానిని మరల బిగింపవచ్చును.

మూడవవి తిరిగి రానివి. అయిదు గేర్ల పెట్టెకై నేల రేకును కోయుట, పెద్ద ఇంజను పట్టుటకై ముందు గోడను కోయుట, కప్పును తగ్గించుట ఇట్టివి. ఇందు మరియొక చిక్కు కలదు. ఇంజను బలము పెరిగినచో బ్రేకులు చాలవు. బ్రేకులు మార్చినచో చక్రములు మారవలెను. పిమ్మట ఇరుసు, పిమ్మట స్ప్రింగులు. ఎలుకల నుండి గోచిని కాపాడుకొనుటకై పిల్లిని, పిల్లికి పాలకై ఆవును, ఆవును మేపుటకై ఇల్లాలిని తెచ్చుకొన్న సన్యాసి కథ వంటిదే యిది. చివరకు మిగులునది తాతగారి బండి కాదు; దాని తొడుగు మాత్రమే.

చట్టమును కూడ తెలిసికొనుట అవసరము. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన లక్షణములకును రిజిస్ట్రేషను పత్రములోని వివరములకును భిన్నమగునట్లు బండిని యజమాని మార్చరాదు. ఇంజను మార్పునకు రవాణా కార్యాలయపు అనుమతి కావలెను. 2021 జూలైలో వెలువడిన కేంద్ర నిబంధనల మేరకు, 50 ఏండ్లు దాటి, చట్రమును గాని దేహమును గాని ఇంజనును గాని గణనీయముగా మార్చక నిలిపిన బండిని వింటేజి వాహనముగా నమోదు చేయింపవచ్చును. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు. అది 10 ఏండ్లు చెల్లును. కాని అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతునకు, ఇంధనము పోయించుకొనుటకు, ఇట్టి పనులకు మాత్రమే వీధికి తేవలెను. దినదినము వాడుకొనగోరువారికి ఆ నమోదు తగదు. కోతకు లోనైన బండికి ఆ గౌరవము దక్కదు.

మార్పు కోరువారి పక్షమునను ఒక మాట చెప్పవలెను. షెడ్డులో కదలక పడియున్న బండి భద్రముగా ఉన్నదనుకొనుట భ్రమ. రబ్బరు బిగిసిపోవును, బ్రేకు సిలిండర్లు పట్టివేయును, పెట్రోలు టాంకు లోపల తుప్పెక్కును. నడిచిన బండియే బ్రతుకును. కావున దానిని నడుపుటకు తోడ్పడు చిన్న మార్పు దానికి శత్రువు కాదు. అసలు భాగములు సగము పోయిన బండి విషయమున యజమానికి స్వేచ్ఛ హెచ్చు. కర్మాగారపు రంగు, లోపలి పరుపులు ఇంకను నిలిచియున్న బండి విషయమున స్వేచ్ఛ తక్కువ; ఒకసారి గోకివేసిన ఆ రంగును ఎంత ధనము పోసినను తిరిగి తేలేము.

పురాతన వాహనముల అంతర్జాతీయ సమాఖ్య 1966లో ఏర్పడినది. అది 2012లో ఆమోదించిన ట్యూరిన్ శాసనపత్రము కూడ ఈ మధ్యమార్గమునే చూపుచున్నది: అవసరమైన మార్పులు అణకువగా, తిరిగి తీయదగినవిగా ఉండవలెను, తీసిన ముఖ్య భాగములను బండితోనే ఉంచవలెను. ఇది మన షెడ్లలోను ఆచరింపదగినది. తీసిన భాగమును చెన్నపట్టణపు పుదుప్పేటకు పాత ఇనుముగా పంపవలదు. నూనె రాచి, గుడ్డ చుట్టి, చీటీ కట్టి పెట్టెలో ఉంచవలెను. ఏ తేదీన ఏది మార్చితిమో ఒక నోటు పుస్తకమున వ్రాసి, పనికి ముందును తరువాతను ఛాయాచిత్రములు తీసి అందు అతికింపవలెను. ఈ పుస్తకము వ్రాయు పనిని ఇంటి పిల్లలకు అప్పగించినచో వారికి యంత్రజ్ఞానమును అలవడును, తాతగారి చరిత్రయు తెలియును.

కావున పెద్దలును పిల్లలును కలిసి కూర్చుండి, ఏ పనికైనను ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెనని మా సలహా. ఈ బండిని దేనికి వాడుదుము? ఇది మరమ్మతా, మార్పా? చట్టము ఒప్పునా? ఒప్పినను, రేపు మన బిడ్డ దీనిని వెనుకకు తిప్పగలడా? చివరి ప్రశ్నకు "కాడు" అని జవాబు వచ్చినచో, రంపమును ప్రక్కన పెట్టుడు. నేడు మనము మార్చకున్నను రేపు వారు మార్చుకొనగలరు. నేడు మనము కోసివేసినచో వారు అతుకలేరు. బండితోపాటు, దానిని గూర్చి నిర్ణయించు హక్కును కూడ వారికి విడిచిపోవుట మన విధి.