నీటిలో పోవునది, నూనెలో చేరునది

చేపలు కొనునపుడు మనము మొప్పలెత్తి ఎరుపు చూతుము. కన్ను మెరయుచున్నదో లేదో పరికింతుము. వ్రేలితో నొక్కి కండ బిగువు తెలిసికొందుము. తోటకూర కొనునపుడు వాడిన ఆకు ఒక్కటి కనబడినను కట్ట మార్చుమని అడుగుదుము. ఇంతటి జాగ్రత్తయు అంగడితోనే ముగిసిపోవుచున్నది. సరకు వంటయింటి గడప దాటిన పిమ్మట దానిలోని సత్తువ ఏమగుచున్నదో విచారించువారు తక్కువ. డబ్బు పోసి తెచ్చిన పోషణమును కొంత నీటితో తూములో పారబోసి, కొంత మంట పాలు చేసి, దాని స్థానమున అక్కరలేని నూనెను చేర్చుకొని తినుట మన యిండ్లలో నిత్యము జరుగుచున్నది. చేపలును కూరగాయలును ఆరోగ్యకరములా యను ప్రశ్నకు సగము సమాధానము అంగడిలో నున్నచో, తక్కిన సగము పొయ్యిమీద నున్నది.

వంట యనగా పచ్చి పదార్థమునకు నీరు, వేడి, గాలి, నూనె అను నాలుగింటితో కలుగు సంబంధము. నీరు కొన్నింటిని కరిగించి తనతో తీసికొనిపోవును. వేడి కొన్నింటిని నశింపజేయును. మరి కొన్నింటిని మెత్తపరచి జీర్ణమునకు అనుకూలముగా చేయును. గాలిలోని ఆమ్లజని కోసిన అంచులను తాకి కొన్ని విటమినులను పాడుచేయును. నూనె బరువును పెంచు శక్తిని చేర్చును. అయినను కొన్ని విటమినులు ఒంటికి పట్టుటకు అదియే ఆధారము. ఏ పదార్థమునకు వీనిలో దేనిని ఎంతవరకు తగులనీయవలెనో తెలియుటయే వంటలోని వివేకము.

విటమినులలో నీటికిని వేడికిని త్వరగా లోబడునది సి విటమిను. దీనికి చరిత్రలో ఒక చక్కని నిదర్శనము కలదు. 1747లో జేమ్సు లిండు అను ఓడ వైద్యుడు సాలిస్బరీ యను ఆంగ్ల యుద్ధనౌకపై, చిగుళ్ళు వాచి రక్తము కారు స్కర్వీ వ్యాధికి లోనైన పన్నిద్దరు నావికులను ఇద్దరిద్దరిగా విభజించి, ఒక్కొక్క జతకు ఒక్కొక్క చికిత్స చేసెను. నారింజలు, నిమ్మపండ్లు తిన్న యిద్దరును త్వరలో కోలుకొనిరి. అయితే పండ్లు దూరప్రయాణములలో నిలువయుండవు. కావున వాని రసమును చాల గంటలు వేడిమీద నుంచి చిక్కని పాకముగా చేసి ఓడలపై వాడవచ్చునని ఆయనయే సలహా యిచ్చెను. ఆ పాకములో పులుపు మిగిలినది గాని, రోగమును మాన్పు గుణములో చాల భాగము వేడికి పోయినది. ఆ గుణమునకు మూలమేదియో ఆనాడెవరికిని తెలియదు. సి విటమినును గూర్చి పరిశోధించిన హంగేరీ శాస్త్రజ్ఞుడు సెంట్ జార్జికి నోబెలు బహుమానము లభించినది 1937లో. రుచి మిగిలినంత మాత్రమున గుణము మిగిలినదని తలపరాదని లిండు పాకము మనకు నేర్పుచున్నది.

మన వంటయిండ్లలో ఆ పాకమే వేరు రూపమున సిద్ధమగుచుండును. ఆకుకూరను సన్నగా తరిగి, ఆ తరుగును నీటిలో నానవేసి కడిగి, మరల నిండుగా నీరు పోసి, మూత లేకుండ చాలసేపు ఉడికించి, ఆ నీటిని వార్చి పారబోయువారు కలరు. ఇందు ప్రతి మెట్టునను నష్టమే. ఆకును మొదట చక్కగా కడిగి పిదప తరుగవలెను. తరిగిన ముక్కలను గాలికి వదలక వెంటనే వండవలెను. నీరు మరిగిన తరువాత కూర వేసి, మూతపెట్టి, మెత్తబడినంతనే దింపవలెను. నీరు ఎంత తక్కువైన అంత మేలు. ఆవిరిపై ఉడికించుట మరియు మేలు. ఆకు పచ్చగా కనబడుటకై చిటికెడు వంటసోడా వేయుట కొందరి అలవాటు. రంగు నిలుచును గాని, సోడాలోని క్షారగుణము సి విటమినును, బి విటమినులలోని థయమినును ధ్వంసము చేయును. కళాయి లేని రాగిపాత్రయు సి విటమినుకు శత్రువే. పులుపు మాత్రము దానికి మిత్రము. కూర దింపిన తరువాత పిండిన నిమ్మచెక్క పోయిన విటమినును కొంత పూరించుటయే గాక, ఆకులలోని ఇనుమును దేహము గ్రహించుటకు సాయపడును.

ఆకుకూరలలో నీటి పాలగు మరియొక విలువైన పదార్థము ఫోలిక్ ఆమ్లపు వర్గమునకు చెందిన విటమిను. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర ఆకుల నుండి దీనిని రాబట్టి, లాటిను భాషలో ఆకు అను అర్థమిచ్చు పదమునుండి దానికి పేరు పెట్టిరి. భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసిన శాస్త్రజ్ఞులు దానిని కృత్రిమముగా తయారుచేసి 1945లో లోకమునకు తెలియజేసిరి. రక్తము వృద్ధియగుటకును, గర్భస్థ శిశువు వెన్ను, మెదడు సరిగా రూపొందుటకును ఈ విటమిను అవసరము. వైద్యులు గర్భిణులకు దీనిని మాత్రలుగా ఇచ్చుచున్నారు. ఆ మాత్రలను మానరాదు. అయితే అదే యింట ఆకు ఉడికిన నీటిని తూములో పోయుటలో అర్థమేమున్నది? మన పెద్దలు ఆకుకూరను పప్పులో వేసి వండిరి. అందు వార్చివేయు నీరే లేదు. ఆకు విడిచినదానిని పప్పు పుచ్చుకొనును.

ఇంతమాత్రమున కూరగాయలన్నియు పచ్చిగా తినుటయే ఉత్తమమని మేము చెప్పుట లేదు. మునగాకు, తోటకూర, గుమ్మడి, క్యారటు మున్నగువానిలో కెరోటిను కలదు. దేహము దీనిని ఎ విటమినుగా మార్చుకొనును. కంటిచూపునకు అది ముఖ్యము. కెరోటిను నీటిలో కరుగదు, క్రొవ్వులో కరుగును. పచ్చి ఆకులో అది కణముల గోడల నడుమ చిక్కుకొని యుండును. ఉడికినపుడు ఆ గోడలు మెత్తబడి విడుదలయగును. చెంచాడు నూనెతో పెట్టిన పోపు దానిని ఒంటికి పట్టించును. టొమాటోకు ఎరుపు నిచ్చు లైకోపీను విషయమును ఇట్టిదే. పాలకూరయందు ఆక్సాలిక్ ఆమ్లము మిక్కుటము. మూత్రపిండములలో రాళ్ళు కలవారిని దానిని ఉడికించి నీరు వార్చి తినుమని చెప్పుట న్యాయమే. ఒకరికి నష్టమైన పని మరియొకరికి మేలగుచున్నది. కావున వంటకు ఒకే సూత్రము లేదు. కారణము తెలిసి చేయవలెను.

ఇక చేపలు. శీలావతి, బొచ్చె, కొఱ్ఱమీను మొదలగు మంచినీటి చేపలలో ఉత్తమమైన మాంసకృత్తులు కలవు. కానాగంతలు, కవ్వలు మున్నగు సముద్రపు చేపలలో వీనితోపాటు గుండెకు, మెదడునకు మేలుచేయు ఒమేగా-3 క్రొవ్వులు విరివిగా నుండును. విశేషమేమనగా వెలలో చవుకగా దొరకు ఈ చిన్నచేపలే ఈ విషయమున సంపన్నములు. వీనిని పులుసుగా వండినచో నీటి వేడి ఇంచుమించు 100 డిగ్రీల సెంటిగ్రేడును దాటదు. కండ మాడదు. ముక్క విడిచిన సారము, క్రొవ్వు పులుసులోనే యుండి అన్నముతో కలిసి మన కడుపునకే చేరును. చింతపండు పులుపులో నెమ్మదిగా ఉడికిన చిన్నచేపల ముండ్లు మెత్తబడి నమలుటకు వీలగును. వానితో సున్నము ధాతువు లభించును. గోదావరి తీరమున పులసను సన్నని సెగపై పులుసుగా వండుటలో రుచితోపాటు ఈ వివేకమును కలదు.

వేపుడు కథ వేరు. నూనె కాగినపుడు దాని వేడి 170 మొదలు 190 డిగ్రీల వరకు పోవును. ముక్కలోని నీరు ఆవిరియై బుడగలుగా వెలుపలికి వచ్చును. ఆ ఖాళీలోనికి నూనె ప్రవేశించును. పైకి పూసిన పిండి ఇంకను పీల్చును. చేప తన క్రొవ్వును కొంత మూకుటిలో విడిచి, మూకుటి నూనెను తాను పుచ్చుకొనును. మనము కొన్నది చేప నూనె. తినునది అంగడి నూనె! కూరగాయలలోను ఇదే తంతు. నూరు గ్రాముల బంగాళాదుంపను ఉడికించినచో సుమారు 80 కెలోరీల శక్తి నిచ్చును. అదే దుంపను పలుచగా కోసి వేచిన చిప్సు నూరు గ్రాములలో 500కు పైబడిన కెలోరీలుండును. వాని బరువులో మూడవవంతు నూనెయే. పెనముపై కొద్ది నూనెతో అటునిటు త్రిప్పి కాల్చిన చేప ఈ రెంటికి నడిమి మార్గము.

వేచిన నూనెను మరల మరల కాచుట మరియొక ప్రమాదము. కాచిన కొలది అది విరిగి హానికరమగు పదార్థములను కూర్చుకొనును. అట్టి ధ్రువ పదార్థములు నూటికి 25 పాళ్ళు మించిన నూనెను వాడరాదని భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ విధించిన నియమము 2018 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. ఇంట కొలుచుటకు సాధనములు లేకపోయినను గుర్తులు కలవు. నూనె నల్లబడి, చిక్కబడి, నురుగు కట్టి, త్వరగా పొగ లేచినచో దానిని విడువవలెను.

మాడుటను గూర్చియు ఒకమాట. జపానులో సుగిమురాయు ఆయన సహచరులును, కాల్చిన చేప యొక్క మాడిన భాగమునకు సూక్ష్మజీవుల జన్యువులను మార్చు లక్షణము కలదని 1977లో తెలిపిరి. బంగాళాదుంప వంటి పిండిపదార్థములను 120 డిగ్రీలకు మించిన పొడివేడిలో వేచినను కాల్చినను ఆక్రిలమైడు అను పదార్థము పుట్టునని 2002లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నీటిలో ఉడికించినపుడు ఈ బాధ లేదు. ఒకనాడు మాడిన ముక్క తిన్నంతనే రోగము వచ్చునని దీని భావము కాదు. బంగారు వన్నెతో ఆపుట నేర్వవలెను. నల్లనిదానిని గిల్లి పారవేయవలెను.

వంటవలన కాని పనియు ఒకటి కలదు. కానాగంత, తూర వంటి చేపలను మంచులో నుంచక ఎండలో వదలినచో వానిలో హిస్టమిను పుట్టును. ఎంత ఉడికించినను, ఎంత వేచినను అది నశింపదు. తిన్నవారికి మొగమెఱ్ఱబడి, తలనొప్పి, దద్దురులు కలుగును. కావున మంచి వంటకు ముందు మంచి చేప కావలెను. ఎండుచేపలయందు ఉప్పు మిక్కిలి. రోజునకు మనిషికి 5 గ్రాముల ఉప్పు చాలునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఇక్కడ మాత్రము నీరు మన పక్షమున పనిచేయును: ఎండుచేపలను నానబెట్టి, ఆ నీటిని పారబోసి వండుటయే మంచిది.

కూనూరులో 1918లో చిన్న పరిశోధనా కేంద్రముగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేరుతో ప్రసిద్ధమైన సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రములలో తగిన వంట పద్ధతులను అవలంబింపుడని చెప్పుట ఒక ప్రత్యేక సూత్రము. దీనికి ఖరీదైన పాత్రలు అక్కరలేదు, క్రొత్త దినుసులు అక్కరలేదు. ఒక మూత, కొంచెము తక్కువ నీరు, కొంచెము తక్కువ మంట చాలును.

నాలుగు కట్టల కూర కొనగల యింట ఒక కట్ట సారము తూములో పోయినను తక్కినవి మిగులును. ఒక్క కట్టయే కొనగల యింట, ఆ కట్టయే నలుగురు బిడ్డల కంటిచూపు, తల్లి రక్తము. నష్టము హెచ్చుగా తగులునది ఆ యింటికే; ఈ విషయము మొదట తెలియవలసినదియు ఆ యింటికే. కూర ఉడికిన నీరు పప్పులోనికి పోవలెను గాని తూములోనికి పోరాదు.