వచ్చినవారెందరు, కొన్నవారెందరు?

మేము ప్రసంగించునపుడు ఎందరు వినుచున్నారో మాకు కనబడదు; శ్రోతల ఉత్తరములే ఆధారము. వ్యాపారపు వెబ్‌సైటు సంగతి వేరు. ప్రతి పుటలో చిన్న కోడు చేర్చినచో, వచ్చినవారు ఏ మార్గమున వచ్చిరో, ఏమి చూచిరో చాలవరకు తెలియును. గూగుల్ సంస్థ 2005లో ఆరంభించిన అనలిటిక్స్ ఇట్టి సాధనమే. 2023 జులైలో దాని పాత పద్ధతి నిలిచిపోయినది. ఇప్పటి పద్ధతి చూచుట, నొక్కుట, కొనుట మున్నగు ప్రతి చర్యను ‘ఈవెంటు’గా లెక్కించును.

అయితే ముందుగా నిశ్చయింపవలసినది ఒకటున్నది: వచ్చినవారు ఏమి చేయవలెనని మన కోరిక? చీరల వర్తకునికి అది ఆర్డరు. మరమ్మతుల దుకాణమునకు ఫోను పిలుపు. ఆ పనినే గుర్తు పెట్టి లెక్కింపవలెను. ప్రకటన చూచి వచ్చిన వేయిమందిలో ఇద్దరు, తామై వెదకి వచ్చిన నూరుగురిలో పదిమంది కొన్నారనుకొందము. ప్రకటనకు పోసిన సొమ్ము ఫలించుచున్నదా యన్నది అప్పుడే తేలును. అనుమతి నిరాకరించినవారు లెక్కకు పూర్తిగా అందరు. కనుక ఒక్కనాటి అంకెను నమ్మక, నెలకు నెల పోల్చి చూచుట మేలు.