బాలల ఛాయాచిత్రాలు: శైలి సమస్య

రచయితకు శైలి ఎక్కడినుంచి వస్తుందని అడిగితే మనలో చాలామంది వాక్యాన్ని చూపిస్తారు. కాని వాక్యానికి ముందే తేలవలసిన విషయం ఒకటుంది: ఎవరి పక్షాన, ఎంత దూరంలో, ఏ ఎత్తున నిలబడి చూడాలన్నది. ఇది సాహిత్యంలోకంటె ఛాయాచిత్రంలో, అందులోనూ పసిపిల్లలను సహజస్థితిలో తీసే నలుపు తెలుపు చిత్రాల్లో తేటగా కనిపిస్తుంది. కనుక ఆ విషయాన్ని ఇక్కడ చర్చించడం అప్రస్తుతం కాదనుకుంటాను.

బందరు, గుడివాడ, అవనిగడ్డలలో ఒకప్పుడు పిల్లవాడి ఫొటో అంటే స్టూడియో ఫొటోయే. వెనుక బొమ్మలు వేసిన తెర, బుగ్గన దిష్టిచుక్క, "కదలకు, ఇటు చూడు" అనే ఆజ్ఞ. నెగెటివ్ మీద సన్నని పెన్సిలుతో దిద్ది ముఖాన్ని తెల్లబరచడం ఆనాటి స్టూడియోల పనితనంలో ఒక భాగం. ఆ చిత్రాలను చులకన చేయనక్కరలేదు. బిడ్డ రూపం దాచుకోవాలనే తల్లి కోరిక వాటిలో ఉంది. అయితే వాటిలో కనిపించేది బిడ్డ ఉన్న తీరు కాదు, ఉండాలని పెద్దలు కోరిన తీరు.

దీనికి భిన్నమైన మార్గాలు తొక్కిన ముగ్గురిని చూద్దాం. లూయిస్ హైన్ న్యూయార్కులో బడిపంతులు. 1908లో ఆ ఉద్యోగం వదలి జాతీయ బాలకార్మిక కమిటీ తరఫున మిల్లుల్లో, గనుల్లో పనిచేసే పిల్లలను చిత్రించాడు. వాళ్ల ఎత్తును తన కోటు గుండీలతో పోల్చి, చాటుగా రాసుకునేవాడు. నూలు యంత్రం పక్కన చిన్నపిల్లను నిలబెడితే యంత్రం ఎత్తే సాక్ష్యం చెబుతుంది. ఆ పిల్లలు తరచు కెమెరావైపే చూస్తారు కనుక అవన్నీ పూర్తిగా సహజస్థితి చిత్రాలు కావు. కాని పిల్లవాడు ఎవరో ఆజ్ఞాపించిన రూపంలో లేడు. హెలెన్ లెవిట్ అదే నగరం వీధుల్లో ఆటల్లో మునిగిన పిల్లలను, పక్కకు చూసే దర్శినిని కెమెరాకు అమర్చి, వాళ్లకు తెలియకుండా తీసింది. 1943లో ఆ చిత్రాలు అక్కడి ఆధునిక కళా మ్యూజియంలో ప్రదర్శింపబడ్డాయి. మన పొరుగున మైసూరుకు చెందిన టి.ఎస్. సత్యన్ (1923-2009) సామాన్యుల దైనందిన జీవితాన్ని వస్తువుగా తీసుకున్నాడు. 1979లో, అంతర్జాతీయ బాలల సంవత్సరంలో, ఆయన తీసిన పిల్లల చిత్రాలను యూనిసెఫ్ ఐక్యరాజ్యసమితి కేంద్రంలో ప్రదర్శించింది.

వస్తువు ఒకటే, శైలులు మూడు. హైన్‌కు పిల్లవాడు సాక్షి; లెవిట్‌కు తన ఆటకు తానే యజమాని; సత్యన్‌కు ఇరుగింటి బిడ్డ. ఈ తేడా కెమెరా ఇచ్చినది కాదు, దృక్పథం ఇచ్చినది.

అయితే దృక్పథం గాలిలో ఉండదు, చేతిపనిలో దిగాలి. మొదటిది ఎత్తు. పెద్దవాడు నిలబడి దగ్గరినుంచి తీస్తే పిల్లవాడి తల పెద్దదై కాళ్లు కురచబడతాయి. పాత రెండు కటకాల రోలీఫ్లెక్స్‌ను నడుము దగ్గర పట్టేవారు కాబట్టి కటకం దాదాపు పిల్లవాడి కళ్లకు ఎదురుగా ఉండేది. ఫోన్‌తో తీసేవాడు మోకాళ్లమీద కూర్చోక తప్పదు. రెండవది వెలుగు. మన డెల్టా మిట్టమధ్యాహ్నపు ఎండలో కళ్లు నల్లని గుంటలవుతాయి. అదే చూరు కింద, వసారాలో, వెలుగు ముఖమంతా మెత్తగా పరుచుకుంటుంది. మూడవది ఒంటిరంగు. వెనుక నీళ్లు నిండిన చేను మెరుస్తుంటే కెమెరా ఆ మెరుపునే లెక్కవేసి ముఖాన్ని మసి చేస్తుంది. కనుక వెలుగును ముఖానికి సరిపడా కొలవాలి. నేడు ఫోన్‌లో ఒక్క మీటతో రంగులు పోతాయి. కాని నల్లని ముఖాన్ని తెల్లబరచకుండా, అందులోని అన్ని ఛాయలతో చూపించడం ఆ మీటకు తెలియదు.

నాలుగవది ఓపిక. నా తరగతిలో ఎవరైనా ఫోన్ ఎత్తితే పిల్లలు చేతులు కట్టుకొని బిగుసుకుపోతారు, లేదా రెండు వేళ్లు చూపి నవ్వుతారు. రెండూ నేర్పినవే. పావుగంట గడిస్తే కెమెరా పాతబడుతుంది. ఒకడు పక్కవాడి నోటుపుస్తకంలోకి తొంగిచూస్తాడు, కింది పెదవి పళ్లమధ్యకు పోతుంది. అది ఎవరూ నేర్పినది కాదు. ఇలా ఏడాదిపాటు తీసినవాటిని నేలమీద పరచి, తన కన్ను మళ్లీమళ్లీ ఎక్కడ ఆగిందో చూసుకుంటే ఛాయాగ్రాహకుడికి తన శైలి తెలుస్తుంది.

ఈ చర్చ మనకెందుకు? 1977 నవంబరు 19న ఉప్పెన వేలాది ప్రాణాలు తీసిన నేల ఇది. ఆపదలో చేయిచాచిన పిల్లవాడి చిత్రం అన్నం తెస్తుంది, దాన్ని తప్పుపట్టలేం. కాని ఉప్పెన తీసిన తర్వాత కూడా కెమెరా, కలం వాడిని అదే చోట, అదే చేయిచాపుతో నిలబెడితే, స్టూడియో తెర స్థానంలో మరో తెర కట్టినట్లే. అక్కడ వాడు అందంగా ఉండాలి, ఇక్కడ దీనంగా ఉండాలి. నేను చదివిన ఉప్పెన కథలు చాలావాటిలో పిల్లవాడు ఏడుస్తాడే గాని మాట్లాడడు.

పిల్లవాడికి కాదనే శక్తి లేదు. కాబట్టి బాధ్యత తీసేవాడిది. తల్లిని అడిగి తీయాలి, తీసింది ముందుగా ఆమెకు, ఆ పిల్లవాడికి చూపాలి. పాత స్టూడియో ఫొటో పక్కన దీన్నీ గోడకు తగిలించుకోవడానికి ఆమె ఒప్పుకుంటుందా? పేదల బిడ్డను గురించి రాసే ప్రతి కథకుడూ తన పేజీని ఆ గోడ దగ్గర నిలబెట్టి చూసుకోవాలి.